సూప్ లేని హోటళ్ళ జాబితా

ఇరవై మూడేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను ఒక్కసారి కూడా ఊరు దాటించిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ ఏడు వేసవి చివర్లో ఒక పొద్దున, పని బల్ల ముందు కూర్చుని, చేతిలోని ఉలి కింద పెట్టి, "ద్రాక్ష కోతలకి వెళ్దాం. మూడు రోజులు నగరంలో మంచి మంచి హోటళ్ళలో భోంచేద్దాం, మూడు రోజులు తోటలు చూద్దాం" అన్నాడు.

నేను అప్పుడు ఒక ఇత్తడి రేకు మీద తెల్ల పూత ఆరబెడుతున్నాను. వంటగదిలోంచి మా వదిన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఎవరెవరం?" అంది.

"మనం ముగ్గురం."

"మన ముగ్గురిలో తాగేదెవర్రా? నీకు దగ్గు మందు మింగినా కళ్ళు తిరుగుతాయి. వైన్ తోటల్లో నీకేం పని?"

"చూస్తాను. చూడ్డానికి తాగక్కర్లేదుగా."

వదిన అంటే ఆయనకి అక్క, ఆరేళ్ళు పెద్ద. పోస్టాఫీసులో రిటైరయ్యాక మా దగ్గరే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. "ఊరందరికీ ఉత్తరాలు అందించాను, నాకు మాత్రం ఒక్కటీ రాలేదు" అని తనే నవ్వేస్తుంది. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ నోరే లేకపోతే మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు.

మాది చెక్కుడు పని. ఇంటి ముందు గదే దుకాణం. బడులకి షీల్డులు, ఆఫీసులకి నేమ్‌ప్లేట్లు, పోటీల్లో ఇచ్చే వెండి కప్పులు, వీటి మీద పేర్లన్నీ మా చేతుల మీదుగా వెళ్ళినవే. లోహం మీద పూత పూసి, సన్న పెన్సిల్‌తో అక్షరాలు గీసేది నేను. ఆ గీతల వెంట ఉలి నడిపేది ఆయన. ఊళ్ళో మెషిన్ షాపులు వచ్చాయి, నిజమే. కానీ గుండ్రటి కప్పు మీద గోరంత అక్షరం పడాలంటే ఎంతటివాడైనా మా గుమ్మం ఎక్కాల్సిందే.

ఆ చెయ్యి వణకడం మొదలైంది. మా ఇల్లు నడిచేదే ఆ చేతి మీద.

నేను మొదట చూసింది వేసవి మొదట్లో, ఒక బడి షీల్డు మీద. చివరి అక్షరం తోక నా పెన్సిల్ గీత దాటి వెంట్రుకవాసి పక్కకి పోయింది. ఆయన ఉలి నా గీత దాటడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఆ రేకు తిరగేసి సొరుగులో పడేసి, ఇంకోటి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. తర్వాత ఒక్కొక్కటీ కంటపడ్డాయి. మంచినీళ్ళు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కి వెళ్తున్నాడు. కప్పు సాసర్లో పెడుతుంటే టకటకమని చప్పుడొస్తోందని సాసర్లు వాడడమే మానేశాడు. అంట్లు తగ్గాయని మా వదిన సంబరపడింది.

నేను ఏం చేశానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఏమీ చేయలేదు. మా వీధి చివర గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. ఆయనకి వణుకు జబ్బు. ముందు వేళ్ళు, ఆ తర్వాత నడక, చివరికి మాట కూడా పోయాయి. కుర్చీలో కూర్చోబెడితే ఒళ్ళో చేతులు వాటంతటవే ఆడుతూ ఉండేవి. ఆయన పోయేదాకా ప్రతి ఆదివారం మా ఆయన వెళ్ళి పేపరు చదివి వినిపించేవాడు. ఆ జబ్బు ఎలా ఉంటుందో మా ఇద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనని భయపడ్డట్టు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. డాక్టరు మాట ఎవరూ ఎత్తలేదు.

అలాంటి సమయంలో ఈ ప్రయాణం.

ఆయన ఒక పొడుగాటి నోటుపుస్తకం కొన్నాడు. రోజూ పని అయ్యాక అందులో ఏదో రాసుకోవడం, ఫోను పట్టుకుని కూర్చోవడం. ఒకరోజు నేను గుమ్మం దగ్గర బంగాళాదుంపల తొక్క తీస్తూ వింటున్నాను.

"భోజనానికి వద్దామనండీ, ముగ్గురం. గోడవైపు మూల టేబుల్ దొరుకుతుందా? సరే, సంతోషం. సూప్ తప్పకుండా తీసుకోవాలా అండీ? వద్దంటే మానేస్తారా? మరి గ్లాసులు కాడ ఉన్నవా, మామూలువా?" అవతలి మనిషి ఏమన్నాడో గానీ, "అబ్బే, నేను ప్రభుత్వం తరఫున కాదండీ" అన్నాడు కంగారుగా.

వదిన పగలబడి నవ్వింది. "ఒరేయ్, నువ్వు వెళ్ళేది తిండికా, తనిఖీకా?"

"సూప్ పెట్టే చోట భోజనం బరువుగా ఉంటుందక్కా."

"సూప్ బరువేంట్రా, ఉన్నదంతా నీళ్ళేగా!"

నాకూ నవ్వొచ్చింది. తర్వాత చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. చెంచాతో ఎత్తితే ఒలికేది సూప్ ఒక్కటే. కాడ గ్లాసు మూడు వేళ్ళ మీద నిలబెట్టాలి. మూల టేబుల్‌కి ఒక పక్క గోడ ఉంటుంది, చూసేవాళ్ళు సగానికి సగం తగ్గుతారు. నేను లేచి దుంపలు కడగడానికి వెళ్ళాను. పంపు తిప్పి అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

ఆ వారమే ఆయన ఇత్తడి రేకుల కోసం బజారుకెళ్తే, ఆ పుస్తకం తెరిచాను. మంచి పని కాదని తెలుసు, తెరిచాను.

మూడు హోటళ్ళు, ఐదు తోటలు. ప్రతి పేరు పక్కనా రైలు వేళ, బస్సు వేళ, ఫోను నంబరు. ఇంకో గడిలో ఒక సంవత్సరం, ఒక కొలత. "అర అంగుళం, ఇత్తడి." "పావు అంగుళం, వెండి." తిండికీ ఈ కొలతలకీ ఏం సంబంధమో నాకు ముందు అంతుబట్టలేదు. రెండో హోటల్ పేరు దగ్గర ఆగాను. ఆ పేరు నేను గీశాను. వాళ్ళ గుమ్మానికి పెట్టిన ఇత్తడి పలక మాదే. మిగతా రెండూ అంతే. ఇక ఆ తోటల వాళ్ళు ఏటా ఒక పోటీ పెట్టుకుంటారు, గెలిచిన తోట పేరు వెండి కప్పు మీద వేయడం పద్దెనిమిదేళ్ళుగా మా పని. ఆ పేర్లన్నీ మాకు నోటికి వచ్చు. వాళ్ళ ద్రాక్ష నల్లదో తెల్లదో మాత్రం తెలియదు.

ఈయన వెళ్తున్నది తిండి కోసమూ కాదు, తోటల కోసమూ కాదు. తన అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి కళ్ళారా చూసుకుని రావడానికి. పేజీ అడుగున చిన్నగా ఒక మాట రాసి ఉంది. "వచ్చే ఏటి కప్పులు మార్కెట్ వీధి మెషిన్ షాపుకి అప్పగించాలి."

పుస్తకం ఎలా ఉందో అలాగే పెట్టేసి, ముఖం కడుక్కుని, పోయి నా పూత గిన్నె ముందు కూర్చున్నాను.

ఆయన వచ్చాక అన్నాను, "ఆరు రోజుల్లో ఎనిమిది చోట్లంటే కాళ్ళు పడిపోతాయి. రెండు తగ్గిద్దామా?"

"ఒక్కటి కూడా తగ్గించను" అన్నాడు. అంత గట్టిగా నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

"అయితే నాకు మంచి చెప్పులు కొనండి."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా దగ్గర దేనికీ అనుమతి అడగని మనిషి, ఆ రోజు అనుమతి దొరికినట్టు చూశాడు.

కోతలు మొదలైన వారం బయల్దేరాం. నగరంలో మొదటి హోటల్ ఒక సన్నటి వీధిలో ఉంది, లోపలికి నాలుగు మెట్లు. గుమ్మం పక్కన మా పలక. ఆయన జేబురుమాలు తీసి దాన్ని మూల మూలలా తుడిచాడు. అద్దంలోంచి వడ్డించేవాడు వింతగా చూస్తున్నాడు. మా వదిన వాడికి చెయ్యి ఊపింది.

"పదకొండేళ్ళు. అంచు ఎక్కడా అరగలేదు" అన్నాడు ఆయన నాతో.

"నేను గీసింది మరి" అన్నాను.

మూల టేబుల్ ఇచ్చారు. ఆయన గోడవైపు కూర్చున్నాడు. రొట్టె, కాల్చిన చేప, ఉడికించిన కూర ముక్కలు. ఏదీ ఒలికేది కాదు, ఏదీ చెంచాతో ఎత్తేది కాదు. ఎడమ చేత్తో ఫోర్కు పట్టుకుని నింపాదిగా తింటున్నాడు. అంతా ఆయన రాసుకున్న ప్రకారమే జరుగుతోందనుకున్నాం. అప్పుడు వడ్డించేవాడు నవ్వుతూ మూడు చిన్న కప్పులు తెచ్చి పెట్టాడు.

"పుట్టగొడుగుల సూప్. మా గుమ్మం పలక చెక్కింది మీరేనని ఇప్పుడే అమ్మగారు చెప్పారు. మా వంటగది తరఫున మీకు ప్రత్యేకంగా" అన్నాడు.

నిజానికి తప్పు మా వదినది. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, దారిలో కనిపించిన ప్రతివాడికీ తమ్ముడి గొప్ప చెప్పుకుని వచ్చింది.

కప్పులు అంచుదాకా నిండి ఉన్నాయి. వడ్డించేవాడు చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు, ఎలా ఉందో మా నోటితో వినాలని. ఆయన కుడి చెయ్యి టేబుల్ కింద ఉంది. ఆయన ముఖంలో రంగు మారింది. నేను చెయ్యి చాచి ఆయన కప్పు తీసుకుని గటగటా తాగేశాను.

"వాడిది నువ్వెందుకు తాగావమ్మాయ్?" అంది వదిన తెల్లబోయి.

"ఆకలేస్తోంది వదినా" అని, నా కప్పు కూడా ఎత్తాను. నాలుక కాలిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడ్డించేవాడు ఇంత ఇష్టంగా తాగినవాళ్ళని తను చూడలేదని పొంగిపోతూ వెళ్ళాడు.

కాసేపటికి ఆయన మెల్లగా అడిగాడు. "బాగా వేడిగా ఉందా?"

"కాలిపోయింది."

అంతే. ఆయన తన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది, ఆ సంగతి నాకు తెలిసింది.

మిగతా రెండు హోటళ్ళూ చూశాం. ఒక దాంట్లో మా పలక వంటగదిలోకి మార్చారు, ఆవిరికి నల్లబడింది. ఆ పూట ఆయన సగం కూడా తినలేదు. నాలుగో రోజు తోటలకి బస్సెక్కాం.

మొదటి తోటలో కోతల హడావిడి. మమ్మల్ని పలకరించే తీరిక ఎవరికీ లేదు. అద్దాల బీరువాలో కప్పు కనిపించింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చూసి, "బాగానే ఉంది" అని వచ్చేశాడు. రుచి చూపిస్తామంటే వద్దన్నాడు. అక్కడి గ్లాసులన్నీ పొడుగు కాడలవి.

రెండో తోట యజమానురాలు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న పెద్దావిడ. వేళ్ళన్నీ ద్రాక్ష రంగుకి నల్లబడ్డాయి. మేం ఎవరమో మా వదిన చెప్పీ చెప్పకముందే, ఆవిడ చేతిలో బుట్ట కింద పెట్టేసింది.

"ఆ కప్పుల మీద చెక్కేది మీరా! మా తోట పేరు మూడుసార్లు చెక్కారు. మీరు నా వైన్ రుచి చూడకుండా వెళ్తే నాకు తలవంపులు."

"మాకు అలవాటు లేదండీ" అన్నాడు ఆయన, కుడి చెయ్యి జేబులో పెట్టుకుని.

"మా నాన్నకి కాడ గ్లాసులంటే చిరాకు, గాజు లోటాల్లో తాగేవాడు. మీకూ అందులోనే పోస్తాను, రండి."

ఇక తప్పలేదు. నేలమాళిగ మెట్ల దగ్గర ఒక పీపా మీద లోటాలు పెట్టి పోసింది. ఒక్కో దాంట్లో రెండు గుక్కలే. వదిన లోటా వంచి లోపలికి చూసింది.

"ఇదేంటమ్మా, మా అమ్మ పోసినట్టు పోశావు! మా ఇంట్లో కప్పు నిండా పోయడం మర్యాద కాదనేది. అయినా మరీ ఇంత అడుక్కి పోసేది కాదు."

"రుచి చూడ్డానికి ఇంతే. ఇష్టం లేకపోతే ఆ బకెట్లో ఉమ్మేయొచ్చు."

వదినేమో, ఉమ్మేయడం కూడా రుచి చూడ్డంలో భాగమేమో అనుకుని ప్రతిదీ నోట్లో పోసుకోవడం, బకెట్లో ఉమ్మడం, "దీనికంటే ముందుదే నయం" అని తీర్పు చెప్పడం. ఆయన లోటాని రెండు చేతులతో పట్టుకుని, ఉమ్మడం అమర్యాద అనుకుని, పోసిన నాలుగు రకాలూ మింగాడు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత బూట్లావిడ మమ్మల్ని పీపాల మధ్య అరగంట తిప్పింది. ఏ పీపాలో ఏ ఏటి పంటో, ఏ ఏడు వాన మింగిందో, అన్నీ చెప్పింది. చివర కొత్త పీపా ముందు ఆగింది.

"ప్రతి కోతలోనూ మొదటి పీపాకి ఇత్తడి బిళ్ళ కడతాను. తారీఖు నేనే మేకుతో గీకుతాను. కోడి గీకినట్టుంటుంది. ఇవాళే నిండింది ఇది. మీరు వచ్చారు కాబట్టి, కాస్త..." అని బిళ్ళ ఆయన చేతిలో పెట్టింది.

"ఉలి తేలేదండీ" అన్నాడు ఆయన.

"ఉలి లేకుండా స్నానానికి కూడా వెళ్ళవు కదరా!" అంది వదిన. "చొక్కా జేబులో ఉంది చూడు, మొనకి బెండు గుచ్చి."

వదిన నోరు మూయించే విద్య ఎవరైనా నేర్పితే ఆ రోజే నేర్చుకుందును. బూట్లావిడ అప్పటికే ముక్కాలిపీట లాగింది. బిళ్ళ కింద దిండులా పెట్టడానికి ఇసుక తిత్తి లేదంటే, ఎండిన ద్రాక్ష గింజల సంచి తెచ్చి ఇచ్చింది. పూత లేదంటే సుద్దముక్క తెచ్చింది. ఆయన నా వైపు చూశాడు. నేను బిళ్ళ మీద సుద్ద రుద్ది పెన్సిల్‌తో అంకెలు గీశాను, ఎంత పెద్దవి పడితే అంత పెద్దవి. రెండంకెలకే బిళ్ళ నిండిపోయింది.

"ఇంత పెద్దవేంటి? నెల ఎక్కడ వేస్తావు, సంవత్సరం ఎక్కడ వేస్తావు? చెరిపి చిన్నవి గీయి" అన్నాడు.

చెరిపాను. మళ్ళీ సుద్ద రుద్ది చిన్నవి గీశాను.

ఆయన ఉలి మొన నుంచి బెండు తీశాడు. బిళ్ళని ఎడమ చేత్తో సంచి మీద అదిమి, ఉలి ఆనించాడు. నేను చూడలేక పీపా వైపు తిరిగాను. లోహం తెగే చప్పుడు వినిపించింది, సన్నగా, ఎక్కడా తెగకుండా. ఆ చప్పుడు ఎలా ఉండాలో నాకు తెలుసు. తిరిగి చూశాను. ఇత్తడి నూలుపోగులా చుట్టలు చుట్టుకుంటూ లేస్తోంది. తొమ్మిది అంకె మెడ దగ్గర బిళ్ళని తిప్పాడు, ఉలి ఆగలేదు. నెల, సంవత్సరం, చివరి చుక్క. ఒక్క గీత కూడా నా పెన్సిల్ దాటలేదు.

ఆయన ఉలి కింద పెట్టి కుడి అరచెయ్యి చాపి చూసుకున్నాడు. అది కదలకుండా ఉంది. తిప్పి చూశాడు. నేనూ చూశాను.

"ఇక్కడ వెలుతురు బాగుంది" అన్నాడు.

ఆ నేలమాళిగలో ఉన్నది ఒకే ఒక్క బల్బు.

మర్నాడు పొద్దున మేం దిగిన ఇంట్లో ఫలహారం పెట్టారు. ఆయన కాఫీ కప్పు ఎత్తాడు, సాసర్లో టకటకమంది. ఠక్కున దించేశాడు. నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అనేశాను.

"ఏమండీ, ఇక్కడ వెలుతురు బాలేదా?"

ఆయన నా వైపు చూసి నవ్వేశాడు. నాలుగు నెలల తర్వాత వచ్చిన నవ్వు, కళ్ళనీళ్ళతో కలిసి వచ్చింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"బడి షీల్డు రోజు నుంచి."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్పలేదేం?"

"ఏంటి తెలుసు? ఏంటి చెప్పలేదు?" అంది వదిన, ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూస్తూ. "ఈ ఇంట్లో నాకెవరూ ఏదీ చెప్పరా?"

ఆయన చెప్పాడు. గడియారాల ముసలాయన జబ్బే తనకీ వచ్చిందని, అందుకే ఈ ప్రయాణమని. ఎన్నేళ్ళ నుంచో ఆగకుండా తిరుగుతున్న ఆ నోరు ఆగిపోయింది. వదిన చేతిలోని రొట్టె ముక్క పక్కన పెట్టింది. తర్వాత తమ్ముడి కుడి చెయ్యి లాక్కుని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది.

"మరి నిన్న ఎందుకు వణకలేదు?" అన్నాను.

ఎవరికీ తెలియలేదు. అందుకని ఆ రోజు మూడో తోటలో వదిన పరీక్షాధికారి అయింది. ముందు చెయ్యి చాపించింది, వణికింది. రెండు గుక్కలు తాగించింది. బెంచీ మీద కూర్చోబెట్టి, తన చేతి గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు ఆయన్ని లేవనివ్వలేదు. మళ్ళీ చాపమంది. చెయ్యి నిలబడింది.

"దొరికింది మందు! రోజూ పొద్దున రెండు గుక్కలు" అంది.

ఆయన మాత్రం బెంబేలెత్తిపోయాడు. "అక్కా, పొద్దున్నే తాగి ఉలి పట్టుకునే బతుకా నాది? జబ్బు కాకపోతే తాగుడు, ఇదేనా నా రాత?"

"ఇంటికెళ్ళగానే డాక్టరు" అన్నాను. ఈసారి నేను అనుమతి అడగలేదు.

మిగిలిన రెండు తోటలూ ఎలా చూశామో నాకు సరిగా గుర్తులేదు. ద్రాక్ష మాత్రం తిన్నాం, చాలా తీపి.

నరాల డాక్టరు చిన్న వయసావిడ, మాట నెమ్మది. ముగ్గురం ఒకేసారి లోపలికి వెళ్తే వద్దనలేదు. ఆయన్ని నడిపించింది, వేళ్ళు ముక్కుకి తగిలించమంది, కాగితం మీద చుట్టలు చుట్టలుగా నత్త గుల్లలాంటి గీత గీయమంది. గీత అంచులు రంపం పళ్ళలా వచ్చాయి. చెక్కేవాడికి అంతకంటే అవమానం లేదు. ఆయన తల దించుకున్నాడు.

"ఇప్పుడు చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకోండి" అందామె.

పెట్టుకున్నాడు. మేం అందరం ఆ చేతుల వంకే చూస్తున్నాం. గోడ మీద గడియారం ముల్లు తిరుగుతోంది. చేతులు కదల్లేదు.

"ఎప్పుడూ ఇంతేనా? పని లేనప్పుడు వణకవా?"

"లేదండీ. ఎత్తితేనే."

"మీరు చెప్పిన ముసలాయనకి ఒళ్ళో కూడా ఆడేవి కదా? సరే. కొంచెం తాగితే తగ్గుతుందేమో ఎప్పుడైనా చూశారా?"

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. వదిన గడియారంతో సహా మొత్తం వినిపించింది. డాక్టరు నవ్వు ఆపుకుంది. "ఇంట్లో ఇంకెవరికైనా వణుకు ఉండేదా? అమ్మకి, నాన్నకి?"

"లేదండీ" అన్నాడు ఆయన.

"ఎవరికీ లేదు" అంది వదిన కూడా. తర్వాత ఎందుకో ఆగింది. "అమ్మ... కప్పు నిండా పోసుకునేది కాదు. మర్యాద కాదనేది. నలుగురిలో ఎప్పుడూ చేతులు కట్టుకునే కూర్చునేది. తాతయ్య కూడా సగం కప్పే. ఉత్తరాలు నాతోనే రాయించేవాడు. నా దస్తూరి బాగుంటుందని అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"అది మర్యాద కాదమ్మా, వణుకు" అంది డాక్టరు. "మీ వంశంలో వస్తోంది. మీ తమ్ముడికీ వచ్చింది. మీరు భయపడ్డ జబ్బు కాదిది. నడక పోదు, మాట పోదు. మీ అమ్మగారు ఎన్నేళ్ళు బతికారు?"

"ఎనభై నాలుగు. పోయిన రోజు కూడా నన్ను తిట్టింది."

"చూశారా! ఒక మాత్ర రాస్తాను, చాలామందికి బాగానే తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను. అలసిపోయినా, కంగారుపడ్డా ఎక్కువవుతుంది. వైన్‌ని మందులా వాడొద్దు. దాని ప్రభావం తగ్గాక వణుకు ఇంకా ఎక్కువగా వస్తుంది."

"మరి చెక్కొచ్చా?" అన్నాను. ఆయన అడగలేడని తెలుసు.

"చెక్కకుండా ఎందుకుంటారు? మణికట్టు కింద ఆనుకోవడానికి ఏదైనా పెట్టుకోండి. మరీ చిన్న అక్షరాలు రోజుకి కొన్నే."

నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు, మళ్ళీ కూర్చున్నాను. నాలుగు నెలలుగా నా మెడ మీద కూర్చున్నదేదో దిగి వెళ్ళిపోయింది. ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ డాక్టరు బల్ల మీదే తల పెట్టి నిద్రపోవాలనిపించింది. వదిన బాహాటంగానే ఏడ్చింది. ఆయన మాత్రం తను గీసిన నత్త గుల్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కింద ఆస్పత్రి క్యాంటీన్‌లో మధ్యాహ్నపు జనం. ఒక్క టేబుల్ కూడా మూలకి లేదు, నట్టనడుమ దొరికింది. టీ ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. నేను లేవబోతే ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"నేను తెస్తాను."

వరసలో నిలబడ్డాడు. ట్రేలో మూడు కప్పులు పెట్టించుకుని మా వైపు నడవడం మొదలుపెట్టాడు. నాలుగు అడుగులకే కప్పులు గలగలమన్నాయి. టీ ఒలికింది, ట్రేలో నిండి అంచు మీదుగా కారుతోంది. జనం తలలు తిప్పి చూస్తున్నారు. వదిన "తేరా, నేను..." అంటూ లేచింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన తొందరపడలేదు, ఎవరి చూపూ తప్పించుకోలేదు. తడిసిన చొక్కా చేతులతో వచ్చి ట్రే మా ముందు పెట్టాడు.

పక్క టేబుల్ మనిషి కాగితపు రుమాళ్ళు అందిస్తూ, "ఏమైందండీ, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉందండీ. నా చెయ్యి వణుకుతుంది" అన్నాడు మా ఆయన, ఎవరో ముక్కు గురించి అడిగితే చెప్పినంత ధీమాగా. "మా అమ్మ పోలిక."

రుమాలుతో చేతులు తుడుచుకుని, ఒలికినవాటికి బదులు ఇంకో మూడు తెస్తానని మళ్ళీ లేచాడు.